కాలువలో నీళ్లుండగానే తియ్యమ్మా

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు చేరింది. రెండు రాత్రులు కూర్చుని పూర్తిగా చదివాను. పోయిన ఆదివారం ఫోనులో "ముందు పరీక్షల సంగతి చూసుకో, సినిమాలు తర్వాత" అని నేను తొందరపడి అన్న మాటకు నువ్వు నొచ్చుకున్నావని మీ అమ్మ చెప్పింది. చదవకముందే అలా అనకుండా ఉండవలసింది. చదివాక నాకు తోచినదంతా ఫోనులో చెప్పడం కుదరదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశం' నవల మొత్తాన్ని తలకెత్తుకోకుండా, బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయలుదేరిన పార్వతీశం నరసాపురంలో పడవెక్కి నిడదవోలులో రైలందుకునే వరకే తీస్తానని నువ్వు అనుకోవడం నాకు ఎంతో నచ్చింది. బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ కూడా 'పథేర్ పాంచాలి' సినిమా తీసినప్పుడు దానికి మూలమైన విభూతిభూషణుడి నవలలో కాశీలో జరిగే చివరి భాగాన్ని ముట్టుకోకుండా, ఆ కుటుంబం ఊరు విడిచి ఎడ్లబండి ఎక్కడంతోనే సినిమా ముగించాడు. లండన్, ఎడింబరో లేకపోతే పార్వతీశం కథేమిటని నీ స్నేహితులు అంటున్నారని రాశావు. నీ మాట మీదే ఉండు.

ఇక నాకు నచ్చనిది చెబుతాను. నీ రెండో సీనులో పడవలో ఉన్నవాళ్లంతా పార్వతీశాన్ని చూసి పకపకా నవ్వుతారు, వెనక హాస్యానికి వాయించే సంగీతం వస్తుంది, అతను బిక్కమొహం వేస్తాడు. ఇది నవలలోని హాస్యం కాదమ్మా. ఆ కథను పార్వతీశమే తన నోటితో చెప్పుకుంటాడు. మద్రాసులో దొరసానులు పెట్టుకునే టోపీ కొని నెత్తిన పెట్టుకున్నప్పుడు కూడా అతని మనసులో ఉన్నది సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్లేవాడు సీమకు తగ్గట్టు ఉండాలన్న శ్రద్ధే. మనం నవ్వేది ఆ శ్రద్ధను చూసి, నవ్వుతూనే అతని పక్షాన నిలబడతాం. కెమెరా ఎదురుగా నిలబడి అతన్ని వేలెత్తి చూపిస్తే ఆ పక్షం పోతుంది, పల్లెటూరివాణ్ణి ఆటపట్టించడమే మిగులుతుంది.

నా చిన్నతనంలో మీ తాతగారు ఈ పుస్తకాన్ని వేసవి రాత్రుల్లో అరుగు మీద లాంతరు పెట్టుకుని పైకి చదివేవారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, కోర్టు కాగితం చదివినంత నిదానంగా, ఒక్క చోట కూడా నవ్వకుండా చదువుతుంటే మేము చాపల మీద పడి దొర్లేవాళ్లం. ఒకరోజు ఆయనకు గొంతు బాగాలేక మా చిన్నాన్న అందుకుని, చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ అవే పేజీలు చదివాడు. ఎవరికీ నవ్వు రాలేదు, మా చెల్లెలు నిద్రపోయింది. నీ పార్వతీశంగా వేసే అబ్బాయికి ఈ సంగతి చెప్పు. తాను నవ్వు పుట్టిస్తున్నానన్న ఎరుక అతని ముఖంలో ఎక్కడా కనిపించకూడదు.

రెండోది, నవలలోని వాక్యాలు పోగొట్టుకోలేక వాటిని పేజీలకు పేజీలు వెనకనుంచి వినిపించే మాటలుగా పెట్టావు. నాకూ అవి ప్రాణమే, కాని చెవి వింటున్నంతసేపు కన్ను పని మానేస్తుంది. రాయ్ ఏం చేశాడో చూడు. 'పథేర్ పాంచాలి'లో అక్క దొంగిలించిన వస్తువు ఆమె చనిపోయిన తర్వాత తమ్ముడు అపుకు దొరుకుతుంది. నవలలో వాడు దాన్ని వెదురుపొదల్లోకి విసిరేస్తాడు. సినిమాలో అది ఒక హారం, దాన్ని చెరువులోకి విసురుతాడు, విడిపోయిన నాచు మెల్లగా వచ్చి మళ్లీ కలుసుకుంటుంది. రచయిత రాయని ఆ నాచు రచయిత మనసులోని మాటే చెప్పింది. నీ స్క్రిప్టులోనూ అలాంటిది ఒకటి ఉంది. పడవలో అందరూ నిద్రపోయాక పార్వతీశం పెట్టె మీద చెయ్యి వేసుకుని, చీకట్లో గట్టు మీద తాడు పట్టి పడవ లాగుతున్న మనుషుల అడుగుల చప్పుడు వింటూ ఉంటాడని మూడే పంక్తులు రాశావు. అక్కడ ఒక్క మాటా వద్దు. ఇల్లు విడిచిన కుర్రవాడి భయమంతా ఆ చప్పుడులో ఉంది.

పోయిన బుధవారం బస్సెక్కి వెళ్లి కాలువ చూసి వచ్చాను. గట్టు పొడుగునా కరెంటు స్తంభాలు, సిమెంటు వంతెనలు, చాలా చోట్ల గుర్రపుడెక్క. పగటి పూట దూరం నుంచి తీస్తే ఎక్కడో ఒక చోట సెల్ టవరు పడుతుంది. అందుకే ప్రయాణమంతా రాత్రికి మార్చి, లాంతరు వెలుగు పడే మేర మాత్రమే చూపిస్తే నూరేళ్ల కిందటి కాలం తక్కువ ఖర్చులో వస్తుంది. అసలు చిక్కు నువ్వు పెట్టుకున్న మే నెల. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, జూన్‌లో గాని మళ్లీ నీళ్లు వదలరు. హైదరాబాదులో ఉండి నీకు ఇది తట్టి ఉండదు. రాయ్ 1952లో మొదటి రోజు రెల్లుపూల మధ్య పిల్లల్ని తీసి, వారం తిరిగి వచ్చేసరికి ఆ పూలన్నీ పశువులు మేసేశాయట. మిగిలిన ముక్క కోసం మళ్లీ పూలు పూసేదాకా ఆగాడు. నువ్వు అంత ఆగనక్కరలేదు, రెండు నెలలు జరుపుకుంటే చాలు.

హక్కుల మాట కూడా చెప్పాలి. శాస్త్రిగారు 1973లో కాలం చేశారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు, అంటే 2033 చివరి దాకా, ఆ నవల వారి వారసులది. డబ్బు తీసుకోకుండా యూట్యూబులో పెట్టినా వారి అనుమతి కాగితం మీద ఉండాలి. రాయ్ కూడా విభూతిభూషణుడి భార్యను అడిగే మొదలుపెట్టాడు. ఉత్తరం ముసాయిదా నేను రాసి పెడతాను, సంతకం నువ్వు చెయ్యి.

కెమెరా పట్టే అబ్బాయి ఇంతవరకు పెళ్లి వీడియోలు తప్ప తీయలేదని బెంగపడుతున్నావు. 'పథేర్ పాంచాలి'కి కెమెరా పట్టిన సుబ్రత మిత్ర అంతకు ముందు సినిమా కెమెరా ముట్టి ఎరుగడు. ఆ తర్వాతి సినిమాకు కాశీ ఇంటి సెట్టులో తెల్లగుడ్డ కట్టి, దాని మీద పడి తిరిగి వచ్చే వెలుగుతో తీశాడు. గుడ్డలు మన ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి. డబ్బు కోసం నీ గొలుసు అమ్ముతానని మీ అమ్మతో అన్నావట. ఆ పని చెయ్యకు, పడవ అద్దె నేను కడతాను.

తాతగారి ఇనప్పెట్టె అటక మీద నుంచి దింపించాను. గొళ్లెం తుప్పు పట్టి బిగుసుకుపోతే రెండు రోజులు కొబ్బరినూనె వేసి ఉంచాను, నిన్న సాయంత్రం ఊడి వచ్చింది. మూత తెరిచినప్పుడు గట్టిగా కిర్రుమంటోంది. దాన్ని బాగుచేయించలేదు, రాత్రి సీనులో నీకు పనికొస్తుందేమో విని చెప్పు.

ఆశీస్సులతో,
మీ నాన్న