బెజవాడలో పట్టాలు కలిసిన చోటును గుర్తించాలి

సంపాదకుడు గారికి,

విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ రూపుదిద్దుకుంటోంది. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు దీని కిందికి వస్తాయి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్ పేరును విశాఖపట్నం డివిజన్‌గా మార్చింది. పేరు మారినందుకు నాకు బాధ లేదు. పాత రైల్వే కంపెనీల పట్టాలు వాల్తేరు, బెజవాడల్లో ఎక్కడ విడిపోయాయో, ఎక్కడ కలిశాయో చూపే పాత నక్షాలు ఏమవుతాయన్నదే బెంగ.

వాల్తేరు సంగతి తేలికగానే తెలుస్తుంది. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 మధ్య పడింది. 1901–02లో దాన్ని వాల్తేరు దగ్గర విడదీసి దక్షిణ భాగాన్ని మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగాన్ని బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఇచ్చారు. అంటే వాల్తేరు ఒకే లైనును రెండుగా కోసిన చోటు. బెజవాడ అలా కాదు. వేర్వేరు లైన్లు కృష్ణ ఒడ్డుకు వచ్చి కలిసిన ఊరు అది. తికమకంతా అక్కడే ఉంది.

నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే బ్రాడ్ గేజ్ లైను 1889 ఫిబ్రవరి 10న బెజవాడ చేరింది. నిజాం సరిహద్దు దాటాక వచ్చే చివరి ముక్కను కాగితాల్లో బెజవాడ ఎక్స్‌టెన్షన్ అని వేరుగా రాసేవారు. గుంతకల్లు, గుంటూరు మీదుగా సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వారి మీటర్ గేజ్ లైను అవతలి ఒడ్డు వైపు నుంచి వచ్చింది. కృష్ణ మీద రైలు వంతెన 1893లో పూర్తయింది. మద్రాసు వైపు లైను 1899లో కలిశాకే తీరం వెంట రైళ్లు నేరుగా నడిచాయి. ఇన్ని తేదీలుంటే, ‘బెజవాడలో రైల్వేలు ఫలానా ఏడాది కలిశాయి’ అని ఒక్క సంవత్సరం చెప్పి ఊరుకోవడం పొరపాటు.

పట్టా ఊరికి చేరడం ఒకటి, సరుకు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారడం ఒకటి, వ్యాగన్ సరుకు దించకుండానే దాటిపోవడం మరొకటి. పట్టాల మధ్య దూరం బ్రాడ్ గేజ్‌లో 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌లో 1000. చక్రాలు సరిపోవు కాబట్టి సరుకును కూలీలు మోసి మార్చాల్సిందే. కాబట్టి కలిసిన చోటు కోసం వెతికేవారు పాయింట్ల (రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట్ల) కోసం కాదు, సరుకు మార్చే ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డు కోసం వెతకాలి. సన్నటి ప్లాట్‌ఫారానికి ఒక పక్క ఒక గేజ్, రెండో పక్క ఇంకో గేజ్ ఉంటాయి. వ్యాగన్ల నేల ఎత్తు ఒకటి కాదు కనుక రెండు పక్కల పట్టాల మట్టంలో తేడా కనిపించవచ్చు. తర్వాత అక్కడి మీటర్ గేజ్ అంతా బ్రాడ్ గేజ్‌గా మారింది కాబట్టి ఇప్పుడున్న పట్టాల వెడల్పును బట్టి ఏమీ తేల్చలేం.

నక్షా ఎంచుకోవడంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. మైలుకు అంగుళం సర్వే నక్షాలో ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. గీత మందంలోనే షెడ్డు మాయమైపోతుంది. మైలుకు 16 అంగుళాల గ్రామ నక్షా తీసుకుంటే అదే మిల్లీమీటరు 4 మీటర్లు. సర్వే, భూరికార్డుల శాఖ నుంచి గ్రామ నక్షా, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకుని రైల్వే పోరంబోకు హద్దులు చూడాలి. భూమి వెడల్పు ఒక్కసారిగా పెరిగిన చోట యార్డు ఉండేది. పాత కాగితాల్లో దూరాలు మైళ్లు, గొలుసుల్లో ఉంటాయి. మైలుకు 80 గొలుసులు, గొలుసుకు 66 అడుగులు. ఒక్కో కంపెనీ తన లైనుకు సున్నాగా పెట్టుకున్న చోటు నుంచి లెక్కపెట్టింది, అదీ మామూలుగా స్టేషన్ భవనం మధ్య దాకా. రెండు పట్టికలు చూసి తీసివేత చేస్తే భవనం దొరుకుతుంది గానీ పట్టాలు కలిసిన చోటు దొరకదు.

కంచె గుంజలుగా, షెడ్డు స్తంభాలుగా పాతిన పాత పట్టాల మీద తయారీదారు పేరు, ఏడాది ఉబ్బెత్తుగా ఉంటాయి. రంగు కప్పేసి ఉంటే సుద్దముక్కను అడ్డంగా రుద్దితే తేలతాయి. అది పట్టా తయారైన ఏడాది, అక్కడ వేసిన ఏడాది కాదు. మెయిన్ లైనులో అరిగిన పట్టాను సైడింగుకు (పక్క లైనుకు), ఆ తర్వాత కంచెకు పంపేవారు. అనుమతి లేకుండా పట్టాల మీద తిరగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, కాబట్టి ఈ పని ఇంజనీరింగ్ సిబ్బందిని వెంటబెట్టుకుని చేయాల్సిందే.

కొత్త జోన్ అధికారులకు నా విన్నపం ఇది. బెంగాల్ నాగపూర్ కాగితాల వారసత్వం కోల్‌కతా గార్డెన్ రీచ్‌కు, మద్రాసు కంపెనీది చెన్నైకి, నిజాం రైల్వేది సికింద్రాబాద్‌కు చెందుతుంది. వాల్తేరు ఫైళ్లు భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న ఈస్ట్ కోస్ట్ రైల్వే జోన్ కింద ఉంటూ వచ్చాయి. ఆస్తులు, సిబ్బంది బదిలీ జాబితాలతో పాటే బెజవాడ, వాల్తేరు యార్డుల పాత ప్లాన్ల స్కాన్ నకళ్లను కూడా అడిగి తెప్పించండి. మూడో లైను, యార్డు మార్పుల పనుల్లో ఏ పాత స్తంభాన్నయినా, హద్దురాయినైనా పీకేముందు దాని ఫొటో, కిలోమీటరు నంబరు, పట్టా మీది అక్షరాలు రిజిస్టరులో ఎక్కించమని కాంట్రాక్టు షరతుల్లోనే రాయండి. రాయి పీకాక అది ఎక్కడ ఉండేదో ఎవరూ చెప్పలేరు.

— ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం