విశ్వం అనంతమైతే వ్యాపించాల్సిందేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మా తిరుపతిలో ఒక ప్రైవేట్ స్కూల్లో ఈమధ్య సైన్స్ క్విజ్ పెట్టినారు. అందులో "విశ్వం అనంతం కాబట్టి వ్యాపిస్తోంది" అనే బిట్‌కి కీలో 'ఒప్పు' అని ఉంది, 'తప్పు' అని టిక్ పెట్టిన పిల్లోళ్ళకి మార్కు పోయింది, మా అక్క కొడుక్కి కూడా. వాడి మార్కు కోసం రాయట్లేదు సార్ (కొంచెం ఉందిలెండి).

విశ్వం వ్యాపిస్తోంది, నిజమే. అనంతమా కాదా అనేది ఇంకా తేలలేదు. కానీ అనంతం కావడం వల్లే వ్యాపిస్తోంది అనడం ఎట్లా కుదురుతుంది? 1917లో ఐన్‌స్టీన్ కదలకుండా ఉండే విశ్వాన్ని లెక్కగట్టినాడు, అది అనంతం కూడా కాదు, పరిమితమే, అయినా గురుత్వాకర్షణకి కుప్పకూలకుండా సమీకరణంలో ఒక స్థిరాంకం అదనంగా పెట్టాల్సొచ్చింది, 1930లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ అదీ నిలబడదు, ఏమాత్రం తేడా వచ్చినా పెరగడమో కుంచించుకుపోవడమో జరుగుద్దని చూపించినాడు. అంటే నిలకడగా ఉండలేకపోవడానికి సైజుతో పనిలేదు. రష్యా గణిత శాస్త్రవేత్త ఫ్రీడ్‌మన్ 1922, 1924లో ఇచ్చిన లెక్కల ప్రకారం అనంతమైన విశ్వం కుంచించుకుపోతా కూడా ఉండొచ్చు! ఎటు పోతోందో చెప్పింది టెలిస్కోపే. గెలాక్సీల వెలుగు ఎరుపు వైపు జరగడం (అవి మననుంచి దూరం పోతున్నాయనడానికి గుర్తు) అమెరికా ఖగోళ శాస్త్రవేత్త స్లైఫర్ ముందే చూసినాడు, 1929లో ఇంకో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ వాటి దూరాలతో కలిపి చూస్తే ఎంత దూరంలో ఉంటే అంత స్పీడుగా పోతున్నాయని తేలింది. ఇప్పటి కొలతల్లో ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి ఆ స్పీడు సెకనుకి దాదాపు 70 కిలోమీటర్లు పెరుగుద్ది, 67 అని కొందరు 73 అని కొందరు, ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

ముందే అనంతమైతే ఇంకెక్కడికి పెరుగుద్ది అని పిల్లోళ్ళు అడుగుతారు, మంచి ప్రశ్న. కొండమీద దర్శనం క్యూకి మొదలూ చివరా లేవనుకోండి, ప్రతి ఇద్దరి మధ్యా అడుగు ఎడం రెండడుగులైతే క్యూకి కొత్త చోటు ఏమీ అక్కర్లేదు, ముందూ అనంతమే తర్వాతా అనంతమే, పెరిగింది ఎడమే.

ఏర్పేడులో ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా సంస్థ) ఉంది, ఊళ్ళోనే ఎస్వీ యూనివర్సిటీ ఉంది, క్విజ్ పేపర్ ఒకసారి అక్కడి ఫిజిక్స్ వాళ్ళకి చూపించడానికి ఏం కష్టం? ఇట్లాంటి బిట్లే గైడ్లలో కూడా అచ్చేసి అమ్ముతున్నారు. మీ పేపర్లో స్టూడెంట్ పేజీ చూసేవాళ్ళు కూడా కీ వేసేముందు ఒకరిచేత చెక్ చేయించండి. ఆ స్కూల్ వాళ్ళు కీ మార్చి, 'తప్పు' అని పెట్టినోళ్ళందరికీ మార్కు కలపాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి