ఎడమ స్పీకర్‌కి ప్రాణం పోసిన అన్నకు

మొన్న ఆదివారం చిత్తూరు మిత్రులు ఎల్పీ గ్రామఫోన్ రికార్డులేసుకుని తిరుపతిలో మా ఇంటికి దిగారు, పొయ్యి మీద నాటుకోడి పులుసు ఉడుకుతోంది, సరిగ్గా అప్పుడే నా 1970ల నాటి యాంప్లిఫయర్‌లో ఎడమ చానెల్ మూగబోయింది. టెన్షన్‌తో పరిగెత్తితే, షట్టర్ దించుతున్న ఒక రిపేరు అన్న మారుమాట లేకుండా నా బండెక్కాడు.

మా చెక్క గరిటెతో (పులుసు కలిపేదే!) బోర్డు మీద మెల్లగా తట్టుకుంటూ పోయాడు. ఒకచోట స్పీకర్ గరగరమంది, అక్కడ సోల్డర్ అతుకు విడిపోయింది. ప్లగ్ పీకినా వెంటనే చెయ్యి పెట్టలేదు, "కెపాసిటర్లలో కరెంటు నిలిచుంటాది సార్" అని రెసిస్టర్ ఆనించి ఖాళీ చేశాకే అతికించాడు.

డబ్బులు తీసుకోలేదు. "రికార్డు ఒక సైడు వినిపించండి చాలు" అన్నాడు. సంగటి ముద్ద చేతిలోనే ఉంది, ఇరవై నిమిషాలూ కళ్లు మూసుకునే విన్నాడు.

అన్నా, చాలా థ్యాంక్స్. పేరడగడం కూడా మర్చిపోయాను. వచ్చే ఆదివారం భోజనానికి రా.