డిటెక్టర్ ఉంటే చలానా రాదన్న మాట నమ్మకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలో మనవాళ్ల బైకు యాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండదారి గురించి రాసిన భాగం ఇంకా బాగుంది. కానీ చివర్లో వెంట తీసుకెళ్లాల్సిన సామాను చెబుతూ, వానకోటు, చేతి తొడుగుల సరసన ‘రాడార్ డిటెక్టర్ ఒకటి బిగించుకుంటే చలానా భయం ఉండదు’ అని ఒక వాక్యం పడేశారు. నా అభ్యంతరం ఆ ఒక్క వాక్యం మీదే. పోలీసులు బండ్ల వేగం కొలిచే రాడార్ గన్ల తరంగాలను పసిగట్టి, ముందే కూసి హెచ్చరించే చిన్న పెట్టె ఈ డిటెక్టర్. కారు విషయంలోనే అది సగం నిజం. బైకు దగ్గరికి వచ్చేసరికి ఆ సగంలోనూ పెద్దగా ఏమీ మిగలదు. పైగా మీరు వర్ణించిన దారిలో దాదాపు సగం వర్జీనియాలో ఉంది. ఆ రాష్ట్రంలో డిటెక్టర్ వాడడం చట్టవిరుద్ధం.

నేను తెనాలిలో పుట్టి పెరిగాను. ఇప్పుడు ఉండేది నార్త్ కరోలినాలోని కేరీలో. రేడియో సర్క్యూట్ల డిజైన్ నా ఉద్యోగం, సెలవు రోజుల్లో కవాసాకి వెర్సిస్ 650 నడపడం నా సరదా. కాబట్టి ఈ పెట్టె లోపల ఏముందో తెలుసు, హ్యాండిల్ మీద అది పెట్టే తిప్పలూ తెలుసు.

పోలీసుల రాడార్ గన్ వదిలిన రేడియో తరంగం బండికి తగిలి వెనక్కి వచ్చేసరికి దాని పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) కొంచెం మారుతుంది. ఆ మార్పును బట్టే గన్ వేగం లెక్కకడుతుంది. శాస్త్రవేత్త డాప్లర్ 1842లో చెప్పిన సూత్రమే ఇది. పోలీసు రాడార్లు వాడే పౌనఃపున్యాల పట్టీల్లో ఒకటైన కె బ్యాండ్‌లో, అంటే 24.150 గిగాహెర్ట్జ్ దగ్గర, గంటకు ఒక మైలు వేగానికి ఆ మార్పు సుమారు 72 హెర్ట్జ్. తరంగం బండి దాకా వెళ్లి మళ్లీ గన్ దాకా రావాలి. డిటెక్టర్‌కు మాత్రం వెళ్లే తరంగం అందితే చాలు. వెళ్లేటప్పుడు దూరం వర్గాన్ని బట్టి తగ్గే బలం, వెళ్లి వచ్చేసరికి దూరం నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గిపోతుంది. గన్‌కు బండి కనిపించకముందే డిటెక్టర్‌కు గన్ వినిపించేది ఇందువల్లే. డిటెక్టర్ల వ్యాపారమంతా ఈ లెక్క మీదే నడుస్తోంది.

అయితే గన్ అదేపనిగా తరంగాలు వదులుతూ ఉంటేనే ఈ లెక్క మనకు పనికొస్తుంది. అనుభవమున్న పోలీసు అలా వదలడు. మీటపై వేలుంచి కూర్చుని, మనం దగ్గరికి వచ్చాక నొక్కుతాడు. డిటెక్టర్ కూసేసరికి మన వేగం అతని తెర మీద పడిపోయి ఉంటుంది. మనకంటే ముందు పోతున్న బండి మీద అతను గన్ వాడి ఉంటే, ఆ తరంగం చెదిరి వచ్చి మన డిటెక్టర్‌కు తగిలి కాస్త వ్యవధి దొరుకుతుంది. కానీ బైకు మీద సరదాగా తిరిగేవాళ్లు వెతుక్కునేది ముందు బండ్లేవీ లేని రోడ్లనే కదా.

లేజర్ గన్‌తో ఆ కొద్దిపాటి వ్యవధి కూడా దొరకదు. అది 905 నానోమీటర్ల దగ్గర పరారుణ కాంతిని వదులుతుంది. 1000 అడుగుల దూరంలో రాడార్ కిరణం 200 అడుగుల మేర పరుచుకుంటే లేజర్ కిరణం వెడల్పు మూడడుగులు. అమెరికాలో బైకులకు ముందు నంబరు ప్లేటు ఉండదు కాబట్టి హెడ్‌లైటుకు గురిపెడతారు. పైన హ్యాండిల్ మీదున్న డిటెక్టర్‌కు ఆ వెలుగు తగలకపోవచ్చు. తగిలినా, అప్పటికే కొలవడం అయిపోతుంది. దానికి సెకనులో మూడో వంతు చాలు.

ఇక మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేని బైకు కష్టాలు. మొదటిది చప్పుడు. గంటకు 60 మైళ్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడదు. చెవులు పాడవకుండా ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుంటాం, పెట్టుకోవాలి కూడా. కారు కోసం చేసిన డిటెక్టర్ అందులోని చిన్న స్పీకరుతో ఎంత మొత్తుకున్నా మనకు చేరదు. హెల్మెట్‌లో బ్లూటూత్ స్పీకర్లు ఉండి, డిటెక్టర్ నేరుగా గానీ ఫోను ద్వారా గానీ వాటితో మాట్లాడగలగాలి. లేదంటే మీటరు పైన, రోడ్డు మీద చూపు ఉండగానే కంటి కొసకు తగిలేలా ఒక దీపం పెట్టుకోవాలి. ట్యాంకు మీది సంచికి ఉన్న పారదర్శక జేబులో డిటెక్టర్ పెట్టుకుని, మాటిమాటికీ తల వంచి చూసుకునేవాళ్లను చూశాను. 60 మైళ్ల వేగంలో బండి సెకనుకు 88 అడుగులు పోతుంది. చలానా తప్పించుకుందామని అంత దూరం కళ్లు మూసుకుని నడపడం ఏం తెలివి?

రెండోది, వెనక వైపు యాంటెన్నా. కొంచెం ఖరీదైన డిటెక్టర్లకు ముందొకటి, వెనకొకటి యాంటెన్నాలుంటాయి. సంకేతం ఏ వైపు నుంచి వస్తోందో బాణం గుర్తుతో చూపుతాయి. 1992లో వాలంటైన్ వన్ అనే డిటెక్టర్ తెచ్చిన పద్ధతి ఇది, నా దృష్టిలో డిటెక్టర్లలో అన్నిటికంటే పనికొచ్చే సదుపాయం ఇదే. కారులో వెనక యాంటెన్నా వెనక అద్దంలోంచి చూస్తుంది. బైకు మీద దాని వెనకే నేను కూర్చుని ఉంటాను. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరు, ఈ పౌనఃపున్యాల దగ్గర నీరు తరంగాన్ని మింగేస్తుంది. వెనక నుంచి వచ్చే పోలీసు కారు రాడార్ చాలావరకు నా వీపు దగ్గరే ఆగిపోతుంది. పక్కన పోయే లారీకి తగిలి వచ్చిన కాస్త సంకేతాన్ని పట్టుకుని, వెనక ఉన్న కారును పక్కన ఉన్నట్టు చూపిస్తుంది పాపం ఆ బాణం.

మూడోది వాన. చాలా డిటెక్టర్లు కారు లోపల సుఖంగా కూర్చోవడానికి తయారైనవి. వాన తట్టుకునేలా బైకుల కోసమే చేసినవి తక్కువ, సంకేతాన్ని దూరం నుంచి పట్టడంలో అవి మంచి కారు డిటెక్టర్లకు తీసికట్టు. నేను జిప్పున్న ప్లాస్టిక్ సంచి తొడుగుతాను. ఈ తరంగాలకు ప్లాస్టిక్ అడ్డు కాదు, రేకు మాత్రం అడ్డే. అందుకే సంచైనా పరవాలేదు గానీ మీటరు వెనకో, అద్దం కాడ వెనకో దాచకూడదు. వాన వెలియగానే సంచి తీసేయాలి, లేకపోతే ఎండకు లోపల ఉడికిపోతుంది. నా బండి మీద, ముందు బ్రేకు ఆయిల్ డబ్బాను పట్టుకునే బోల్టుల దగ్గర బంతి కీలున్న చిన్న స్టాండు పెట్టాను. అక్కడైతే ముందు వైపు ఏదీ అడ్డుండదు. తాళం తీయగానే కరెంటు ఆగిపోయే తీగ నుంచి, మధ్యలో చిన్న ఫ్యూజు వేసి కలుపుకోవాలి. నేరుగా బ్యాటరీకి తగిలిస్తే ఏదో ఒక సోమవారం పొద్దున బండి స్టార్టవదు.

తప్పుడు కూతలు సరేసరి. సూపర్‌మార్కెట్ల తలుపులు తెరిచే సెన్సర్లు, కార్లకు పక్కన బండి ఉందని చెప్పే సెన్సర్లు చాలావరకు కె బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. ఊళ్లో డిటెక్టర్‌కు నోరు మూతపడదు. అందుకే, కొనేవాళ్లు ఎంత దూరం పడుతుందని ఒక్కటే అడగకుండా, ఈ కార్ల గోలను ఎంత బాగా వడకడుతుందని అడగాలి. రోజూ తిరిగే దారిలోని తలుపుల సెన్సర్లను జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని ఊరుకునేవి కూడా ఉన్నాయి. వీటిలో మంచివి వందల డాలర్లు పలుకుతాయి. ఆ డబ్బుకు ముందు మంచి జాకెట్టూ బూట్లూ వస్తాయి. అవి ఉన్నాకే ఈ పెట్టె సంగతి ఆలోచించమంటాను.

మరి నువ్వెందుకు వాడుతున్నావని అడుగుతారు. మా రాష్ట్రంలోని బూన్ అనే ఊరి వైపు 421 హైవే లాంటి దారుల్లో చిన్న ఊళ్లు వచ్చినప్పుడు వేగ పరిమితి ఒక్కసారిగా పడిపోతుంది, కొండలు చూస్తూ బోర్డు గమనించని వాళ్లుంటారు. ఇక్కడ కాస్త మీటరు చూసుకో అని గుర్తుచేసేందుకు నాకది పనికొస్తుంది. అంతకు మించి దాని నుంచి ఏమీ ఆశించను.

వర్జీనియా సంగతి తెలియక ఇబ్బందుల్లో పడేది మనవాళ్లే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. అక్కడా, పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీలోనూ డిటెక్టర్ వాడకూడదు. కరెంటు అందకుండా, చేతికి అందని చోట ఉంటే మాత్రం వర్జీనియా చట్టం ఒప్పుకుంటుంది. నేను సరిహద్దుకు ఇవతలి బంకులోనే ఆగి, తీగ ఊడదీసి, వెనక పెట్టెలో బట్టల అడుగున పెట్టి తాళం వేస్తాను. ఆన్ చేసి దాచుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. డిటెక్టర్ లోపల తరంగాలను పుట్టించే ఆసిలేటర్ నుంచి సన్నగా బయటికి కారే సంకేతాన్ని పట్టే యంత్రాలున్నాయి.

అదే రాష్ట్రంలో పరిమితికి 20 మైళ్లు మించినా, పరిమితి ఎంతున్నా 85 మైళ్లు దాటినా దాన్ని నిర్లక్ష్యపు డ్రైవింగ్ కింద క్రిమినల్ కేసుగా రాస్తారు. ఏడాది దాకా జైలు, 2500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. మామూలు చలానాలా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి చేతులు దులుపుకోవడానికి లేదు, కోర్టు దాకా వెళ్లాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తులో అరెస్టుల గురించి, పడిన కేసుల గురించి అడుగుతారు. చదువుకో ఉద్యోగానికో వచ్చి కొత్తగా పెద్ద బైకు కొన్న కుర్రాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇది.

పార్క్‌వే మీద అసలు డిటెక్టర్ ఎందుకో నాకు అర్థం కాదు. 469 మైళ్ల కొండదారి, ఎక్కడా 45 మైళ్లు దాటకూడదు. అక్కడ ఎదురయ్యేవి జింకలు, మలుపు తిరగగానే రోడ్డు మధ్య నిలబడి ఫొటోలు తీసుకునే సంసారాలు. వాటిని పసిగట్టే పెట్టె ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

మీ వ్యాసం హైదరాబాదులో మా చెల్లెలి కొడుకు కూడా చదివాడు. “పెద్దమ్మా, వచ్చేటప్పుడు ఒక డిటెక్టర్ తీసుకురా, విజయవాడ హైవే మీద గన్లు పెడుతున్నారు” అని ఫోను. అక్కడ పోలీసుల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి లేజర్ గన్లు. అవే ఫొటో తీస్తాయి, ఆ ఫొటోతో ఈ-చలానా వస్తుంది. చౌరస్తాలో స్తంభం మీదున్న మామూలు కెమెరా రాడార్ తరంగాలేవీ వదలదు, కాబట్టి డిటెక్టర్‌కు అది ఉన్నట్టే తెలియదు. అవుటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానే రానివ్వరు. నాలుగు వరసల హైవేల మీద బైకుకు 80 కిలోమీటర్లు హద్దని 2018లోనే కేంద్రం ప్రకటించింది. ఇవన్నీ చెప్పాను. “పోనీ జామర్ ఉంటుందట కదా” అన్నాడు. గన్‌ను తికమకపెట్టే రాడార్ జామర్ వాడడం అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారమే నేరం, దాని పేరెత్తితే ఈసారి నీకు చాక్లెట్లు కూడా తేనన్నాను.

అక్టోబరులో ఆకులు రంగు మారే రోజులకు మనవాళ్లు గుంపులుగా ఆ కొండలకు బయలుదేరతారు. మీ వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఈలోగా ఆ వాక్యాన్ని సవరించి, వర్జీనియా సంగతి ఒక్క ముక్క వేయండి. డిటెక్టర్ తీసేస్తే జాబితాలో ఒక ఖాళీ వస్తుంది కదా, అక్కడ ఇయర్‌ప్లగ్గులని రాయండి. మీ వ్యాసకర్త వాటిని మరిచిపోయారు.

— ఒక పాఠకురాలు,
కేరీ, నార్త్ కరోలినా