తీరిక లెక్కలో తేడా

ఎవరి సమయం దేనికి పోతోందో లెక్కించే సర్వేల్లో స్త్రీ, పురుషుల తీరికను పోల్చేటప్పుడు మొత్తం నిమిషాలు కూడి ఊరుకోవడం వల్ల అసలు తేడా మరుగున పడిపోతోంది. పొయ్యి మీద గిన్నె పెట్టి, పిల్లవాడిని ఓ కంట కనిపెడుతూ టీవీ ముందు కూర్చున్న అరగంట ఆమె ఖాతాలో తీరికగానే పడుతుంది; ఏ పనీ తగలకుండా ఆయన చూసిన అరగంటా అంతే. ఇలాంటి సర్వేల కోసం రోజువారీ పనులను విభజించిన ఐక్యరాజ్యసమితి 2016 వర్గీకరణ ఇంటి పనిని, సంరక్షణను, వినోదాన్ని వేర్వేరు పద్దుల్లో పెట్టింది, బాగానే ఉంది. కానీ ప్రధాన పనినొక్కదాన్నే రాయించుకుంటే ఆ విభజన వల్ల ఒరిగేదేమిటి? పైగా వంట, గిన్నెలు, పిల్లలకు తినిపించడం రోజూ ఉండేవి, వేళ తప్పితే కుదరనివి. బిల్లులు, మరమ్మతులు సెలవు రోజుకు వాయిదా వేసుకోవచ్చు. మొదటి రకం ఎక్కువగా ఆడవాళ్ల వాటాకే వస్తోంది కనుక వారి తీరిక పది, పదిహేను నిమిషాల ముక్కలవుతోంది. ఇళ్లలోనైతే వారంలో కొన్ని పూటల వంటను సరుకులు చూసుకోవడం నుంచి గట్టు తుడవడం దాకా మగవాళ్లకే పూర్తిగా వదిలేయాలి; మధ్యలో ఏది ఎక్కడుందని అడగకూడదు. సర్వేల్లో, రోజంతా చేసిన పనులు రాసుకునే ఐరోపా డైరీల మాదిరిగా, 10 నిమిషాల గడులు, పక్కనే అదే సమయంలో చేసిన రెండో పనికి ఒక వరుస ఉండాలి. అంతరాయం లేని తీరికను విడిగా ప్రకటించాలి.