డ్రైవర్ ఏం చూపించాలి, ఎవరికి చూపించాలి

ఒరేయ్ శీనూ,

సెన్సర్ బోర్డుకి సొంతంగా లినక్స్ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) రాస్తున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సీరియల్ నంబరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, ఉష్ణోగ్రత యూజర్‌కి కనిపించాలి, దానికోసం డ్రైవర్‌కి నేరుగా ఆదేశాలు పంపే ఐఆక్టిల్ రాయనా అని అడిగావు. వద్దురా. అది రాస్తే దాన్ని చదవడానికి ఇంకో ప్రోగ్రాం కూడా నువ్వే రాసివ్వాలి. డ్రైవర్ సమాచారాన్ని ఫైళ్ళలా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (స్లాష్ సిస్ ఫోల్డర్) పెడితే, ఫైలు చదివే క్యాట్ కమాండు కొట్టినా చాలు.

నీ ల్యాప్‌టాప్‌లో స్లాష్ సిస్ కింద క్లాస్, అందులో పవర్ సప్లైలోకి వెళ్ళి బ్యాటరీ ఫోల్డర్ తెరువు. అక్కడ కెపాసిటీ అనే ఫైలు చదివితే 87 అనో 62 అనో ఒక్క అంకె వస్తుంది. డిస్కు మీద అలాంటి ఫైలేదీ లేదు. నువ్వు చదవగానే కెర్నల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, ఆ ఫైలుకి రాసిన షో ఫంక్షన్ నడిచి, బ్యాటరీ డ్రైవర్‌ని అడిగి, ఆ అంకె రాసిస్తుంది. ఒక ఫైలుకి ఒకే విలువ. 2003లో 2.6 కెర్నల్‌తో ఈ పద్ధతి వచ్చింది. అంతకుముందు అన్నీ స్లాష్ ప్రాక్ ఫోల్డర్‌లోనే కుక్కేవాళ్ళు. ఒక్కో ఫైలుది ఒక్కో తీరు, వాటిని విడదీసి చదవలేక ప్రాణం మీదకొచ్చేది.

షో ఫంక్షన్‌లో స్ప్రింట్ఎఫ్ వాడకు, సిస్‌ఎఫ్‌ఎస్ ఎమిట్ వాడు. విలువ రాయడానికి కెర్నల్ నీకిచ్చే బఫర్ (మెమరీలో జాగా) ఒక్క పేజీ, మామూలుగా 4096 బైట్లు. ఎమిట్ ఆ హద్దు దాటనివ్వదు. యాట్రిబ్యూట్లన్నీ, అంటే నువ్వు చూపించే ఫైళ్ళన్నీ, గ్రూపు చేసి డ్రైవర్ స్ట్రక్చర్‌లోని డెవ్ గ్రూప్స్‌కి ఇచ్చెయ్. వాటిని పెట్టడం, తీసెయ్యడం కెర్నల్‌లోని డ్రైవర్ కోరే చూసుకుంటుంది.

ఉష్ణోగ్రతకి మాత్రం సొంత ఫైలు పెట్టకు, ఇలాంటి కొలతల కోసమే కెర్నల్‌లో ఉన్న హెచ్‌డబ్ల్యుమాన్‌లో రిజిస్టర్ చెయ్. అక్కడ లెక్క మిల్లీడిగ్రీల్లో ఉంటుంది, 45 డిగ్రీలైతే 45000 అని ఇవ్వాలి. అలా ఇస్తే సెన్సర్స్ కమాండు నీ బోర్డునీ తనంతట తనే చూపిస్తుంది.

ఇక నాకు అసలు టెన్షన్ సీరియల్ నంబరు గురించే. ఎవరైనా చదవగలిగే 0444 పర్మిషన్ ఇచ్చెయ్యకు. మెషీన్ వివరాలుండే డీఎంఐ ఫోల్డర్‌లో మెషీన్ సీరియల్ ఫైలు 0400తో ఉంటుంది, రూట్ (అడ్మిన్ యూజర్) తప్ప ఇంకెవరూ చదవలేరు. అది గుర్తుపట్టే సమాచారం కాబట్టి సరే అనుకుంటాం. కానీ కరెంటు లెక్క వల్ల ఏం ప్రమాదమని ఎవరికైనా అనిపిస్తుంది కదా? ఇంటెల్ ప్రాసెసర్ ఎంత శక్తి వాడిందో చెప్పే ఎనర్జీ ఫైలు కూడా ఒకప్పుడు ఎవరైనా చదవగలిగేదే. ఆ అంకెల హెచ్చుతగ్గుల్ని గమనిస్తూ క్రిప్టో కీలు రాబట్టవచ్చని 2020లో ప్లాటిపస్ దాడితో పరిశోధకులు చూపించారు. దాంతో దాన్ని రూట్‌కే పరిమితం చేశారు. దాన్ని అప్పటిదాకా మామూలుగా చదువుకుంటున్న టూల్స్ ఒక్కసారిగా ఆగిపోయాయి.

అందుకే చెబుతున్నా, ఒకసారి చూపించిన ఫైలుని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఎవరి స్క్రిప్టు దాని మీద ఆధారపడి ఉందో నీకు తెలీదు. బోర్డు రిజిస్టర్ల డంపు లాంటివన్నీ తప్పులు వెతకడానికే ఉన్న డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టుకో, అక్కడైతే తర్వాత మార్చుకోవచ్చు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో పెట్టే ప్రతి ఫైలుకీ కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోని ఏబీఐ ఫోల్డర్‌లో (యూజర్ ప్రోగ్రాంలు ఆధారపడే ఫైళ్ళ వివరాలు ఉండేది) నాలుగు ముక్కలు రాయి.

కోడ్ మార్పుల ప్యాచ్ పంపేముందు ఒకసారి నాకు పంపు, పర్మిషన్లన్నీ కూర్చుని చూస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రవి