వెతకడానికి వేళలు పెట్టుకో

నల్గొండ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, ఫోన్లో మనం ఊరి ముచ్చట్లలో పడితే అసలు సంగతి పక్కకు పోతుందని తీరికగా కూర్చొని రాస్తున్నాను. నువ్వు పనిచేసిన మందుల కంపెనీ ఉత్పత్తి తగ్గించుకొని క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) విభాగంలో చాలామందిని ఒకేసారి పంపించివేసింది. అందులో నీ పనితనం మీద తీర్పు ఏదీ లేదని నీకూ తెలుసు, అయినా ఉత్తరమంతా నిన్ను నువ్వే తప్పు పట్టుకుంటూ రాశావు. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఉద్యోగం వెతుకుతూనే ఉన్నానని, అయినా ఏమీ కదలడం లేదని అన్నావు. నువ్వు రాసిన వివరాలను బట్టి చూస్తే ఆ రోజంతా జరుగుతున్నది ఏమిటంటే, ఫోన్లో నౌకరీ, లింక్డ్‌ఇన్ తెరవడం, వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలు చూడటం, దరఖాస్తు పంపిన చోటి నుంచి మెయిల్ వచ్చిందేమోనని గంటగంటకూ చూసుకోవడం. ఇందులో వెతకడం కొంతే ఉంది, మిగిలినదంతా ఎదురుచూడటం. వెతుకులాట వల్ల ఎవరూ ఇంతగా అలసిపోరు, ఎదురుచూపే మనిషిని లోపల నుంచి తినేస్తుంది. అందుకే ముందుగా నేను చెప్పదలచుకున్నది, వెతకడానికి వేళలు పెట్టుకో, ఆ వేళ దాటగానే ఆపేయి.

పొద్దున తొమ్మిదింటికి నాగర్‌కర్నూల్ గ్రంథాలయానికి వెళ్లు. ఇంట్లో మంచం మీద కూర్చొని దరఖాస్తులు పంపవద్దు. మధ్యాహ్నం భోజనం వేళ వరకు దరఖాస్తులు, ఫోన్లు, మెయిళ్లు అన్నీ అక్కడే ముగించు. మధ్యాహ్నం రెండు గంటలు సబ్జెక్టుకు ఇవ్వు. సాయంత్రం మెయిల్ తెరవకు. రాత్రి పదింటికి ఏ హెచ్.ఆర్. విభాగమూ నియామక పత్రం పంపదు గనుక, ఆ వేళప్పుడు చూసి నువ్వు పొందేది నిద్రలేమి తప్ప మరొకటి లేదు.

రోజుకు ఒక రూపం ఉండాలని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే చిన్న ఊరు బట్టల మిల్లు మీదనే బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరి వాళ్లు రోజులు ఎట్లా గడుపుతున్నారో దగ్గరుండి గమనించారు. చేతినిండా తీరిక దొరికిన మనుషులు ఎక్కువగా చదువుతారని మనం అనుకుంటాం, కాని అక్కడ గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది. మగవాళ్ల నడక సైతం నెమ్మదించి, వీధిలో మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు. వంట, పిల్లలు, ఇంటి పని ఉన్న ఆడవాళ్లు మాత్రం వేళ ప్రకారమే కదిలేవాళ్లు. పని పోతే జీతంతో పాటు వేళ కూడా పోతుందని, ఆ వేళను మనమే మళ్లీ కట్టుకోవాలని నాకు ఆ సంగతి చదివినప్పుడే అర్థమైంది. నీకు ఆ అదృష్టం ఇంటి దగ్గరే ఉంది. తెల్లవారగానే బాపుతో పత్తిచేనుకు వెళ్లి గంటసేపు పని చేసి రా. ఎం.ఎస్సీ. చదివినవాడు చేనులో కనబడితే నలుగురూ ఏమనుకుంటారోనని రాశావు. పాలమూరు ప్రాంతం నుంచి వలస పోయి దేశమంతా కట్టడాలు కట్టిన వాళ్ల మధ్య పుట్టినవాళ్లం మనం, పని చేయడానికి సిగ్గుపడవలసిన అవసరం మనకు లేదు.

ఇక నీ రెజ్యూమె గురించి చెబుతాను, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మా సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టులను తీసుకునేటప్పుడు వచ్చిన కాగితాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి గనుక, చదివేవాడు ఏం చూస్తాడో నాకు తెలుసు. నువ్వు పంపిన రెజ్యూమెలో మొదటి సగం పేజీ కష్టపడే స్వభావం, బృందంతో కలిసి పనిచేయగల నేర్పు వంటి మాటలతో నిండిపోయింది. అవి అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం మీద నువ్వు చేసిన పనిని మాత్రం 'హెచ్‌పీఎల్‌సీ అనుభవం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏ కంపెనీ పరికరం మీద చేశావు, దాన్ని నడిపే ఎంపవర్ సాఫ్ట్‌వేర్ వాడావా, అస్సే (అసలు మందు ఎంత ఉందో కొలవడం) చేశావా, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ (మలినాల పరీక్ష) చేశావా, డిసొల్యూషన్ (మాత్ర కరిగే తీరు), స్టెబిలిటీ (మందు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసే) నమూనాలు చూశావా, పరీక్ష పద్ధతి సరైనదేనని నిరూపించే మెథడ్ వ్యాలిడేషన్‌లో నీ పాత్ర ఎంత, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ తనిఖీ జరిగినప్పుడు నువ్వు ల్యాబులో ఉన్నావా అన్నవి రాస్తే, చదివేవాడికి నువ్వు రేపటి నుంచే బెంచి మీద నిలబడగల మనిషివని తెలుస్తుంది. ప్రకటనలో వాళ్లు అడిగిన పరికరం, పరీక్ష నీకు నిజంగా వస్తే దాన్ని పైకి తెచ్చి రాయి, రానిది రాయవద్దు. ఔషధ కంపెనీల ఇంటర్వ్యూలలో ఇప్పుడు డేటా ఇంటెగ్రిటీ, అంటే రికార్డుల నిజాయితీ మీద, స్పెసిఫికేషన్, అంటే నిర్ణయించిన హద్దు దాటిన ఫలితం వస్తే ఏం చేస్తావన్న దాని మీద గుచ్చి గుచ్చి అడుగుతారు. ఫలితం నచ్చలేదని నమూనాను మళ్లీ పరికరంలోకి ఇంజెక్ట్ చేసేవాడివా, ముందు విచారణ రాసేవాడివా అన్నదే వాళ్లు చూస్తారు. మధ్యాహ్నం రెండు గంటల చదువు ఈ ప్రశ్నలకే కేటాయించు. నోటితో పైకి చెప్పుకుంటూ చదువు, ఎందుకంటే మనకు తెలిసిన విషయమే ఇంగ్లీషులో అడిగినప్పుడు గొంతులో ఆగిపోతుంది.

దరఖాస్తులు వందల కొద్దీ పంపడం కంటే మనుషులను కలవడం వల్లనే పని జరుగుతుందని నా నమ్మకం. అయితే మనుషులంటే నువ్వు బావను, చిన్నమ్మ కొడుకును అడిగి ఊరుకున్నావు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజికశాస్త్రవేత్త బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికిన వాళ్లను అడిగి చూసి, ఆ సంగతి 1973లో ప్రచురించాడు. వాళ్లలో తరచుగా కలిసే మనిషి ద్వారా దొరికినవాళ్లు దాదాపు 17 శాతమే, మిగిలిన వాళ్లందరికీ అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కలిసే వాళ్లే దారి చూపారు. ఆలోచిస్తే ఇది సహజమే, మన దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి. మీ ల్యాబుకు హెచ్‌పీఎల్‌సీ బాగుచేయడానికి వచ్చే సర్వీస్ ఇంజనీరును గుర్తు చేసుకో. ఆయన జడ్చర్ల పోలేపల్లి నుంచి చౌటుప్పల్, పాశమైలారం వరకు ఎన్నో ల్యాబులు తిరుగుతాడు, ఎక్కడ కొత్త పరికరాలు దిగుతున్నాయో, ఎక్కడ మనుషులు చాలక రాత్రి షిఫ్టులు నడుస్తున్నాయో ఆయనకే ముందుగా తెలుస్తుంది. ఆ పరికరానికి వాడే కాలమ్‌లు, కెమికల్స్ సరఫరా చేసే వాళ్లు, నీకంటే ముందు వేరే కంపెనీకి మారిన సీనియర్లు, స్టాఫ్ బస్సులో నీ పక్కన కూర్చున్న ప్రొడక్షన్ వాళ్లు, మన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం క్లాస్‌మేట్లు, వీళ్ల పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. రోజుకు ఇద్దరితో మాట్లాడితే చాలు. 'అన్నా, ఏదైనా ఉంటే చూడు' అని వదిలేయకుండా, 'క్యూసీలో ఫలానా పని చేశాను, మీ దగ్గర ఖాళీ వస్తే ఎవరికి పంపాలో పేరు చెప్పు' అని అడుగు. అట్లా అడిగితే ఎదుటి మనిషికి సాయం చేయడం సులువవుతుంది. నోట్‌బుక్‌లో తేదీ, ఎవరు ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు పలకరించాలి అన్నది రాసిపెట్టుకుంటే అది నీ తల మీద బరువుగా ఉండదు.

నేరుగా ఇంటర్వ్యూకు రమ్మనే వాక్-ఇన్ ప్రకటన చూస్తే కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకొనే బయలుదేరు. సర్టిఫికెట్లు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరు ముందు రాత్రే సర్దిపెట్టుకో. సెక్యూరిటీ డిపాజిట్ అని, శిక్షణ రుసుము అని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఈ విషయంలో పైలం.

డబ్బు సంగతి కూడా ఒకసారి కూర్చొని లెక్క వేసుకో. నీ జీతం 21,000 రూపాయల లోపే గనుక కార్మికుల బీమా అయిన ఈఎస్ఐ కోత ఉండేది, రెండేళ్లు దాటి పనిచేశావు. ఉద్యోగం పోయిన ఈఎస్ఐ సభ్యులకు 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద సగటు రోజు వేతనంలో సగం చొప్పున 90 రోజుల వరకు భృతి ఇచ్చే ఏర్పాటు ఉంది. అది జీవితంలో ఒక్కసారే దొరుకుతుంది. ఈ వారమే ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు పోయి ఆ పథకం ఇప్పుడు నడుస్తున్నదో లేదో, నీకు అర్హత ఉందో లేదో అడుగు. అమ్మ దగ్గర ఖర్చులకు చేయి చాచడం నీకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు, ఆ మొత్తం చిన్నదైనా నీకు ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది.

గ్రూప్స్‌కు కూడా చదవనా అని అడిగావు. చదవాలని ఉంటే చదువు, కాని బతుకుతెరువును దానికి కట్టివేయకు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే, పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీలలో. ఆ రెండేళ్లు ఆదాయం లేకుండా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో అద్దె గది తీసుకొని చదవగల ఇళ్లు వేరు, మన ఇళ్లు వేరు. ఉద్యోగం చేసుకుంటూ చదివే దారి నీకు సరిపోతుందని నేను అనుకుంటున్నాను.

చుట్టాల ప్రశ్నల గురించి రాసిన చోట నీ బాధ నాకు బాగా తగిలింది. పెళ్లిలో, దావత్‌లో 'ఏం జేస్తున్నవ్ బిడ్డా' అని అడిగే పెద్దబాపుకు చెడ్డ ఉద్దేశం ఉండదు, అయినా ఆ మాట గుచ్చుకుంటుంది. ఒక జవాబు ముందే తయారుగా పెట్టుకో. 'కంపెనీ మారుతున్న పెద్దబాపు, జడ్చర్ల దిక్కు చూస్తున్న, మీకు తెలిసినోళ్లు ఉంటే చెప్పుండ్రి' అను. అది నిజం, పైగా ఆయనకు ఒక పని అప్పగిస్తుంది. అందుకోసం పెళ్లిళ్లు మానుకోవద్దు, ఇంట్లో ముడుచుకొని కూర్చుంటే అమ్మ దిగులు రెట్టింపవుతుంది.

రాత్రిపూట మనసు ఆగనప్పుడు కాగితం తీసుకొని రాయి. అమెరికాలో ఉద్యోగాలు పోయిన ఇంజనీర్ల మీద జేమ్స్ పెన్నెబేకర్, మరో ఇద్దరు కలిసి చేసిన అధ్యయనం 1994లో వెలువడింది. ఉద్యోగం పోవడం గురించి తమ లోపలి బాధను, కోపాన్ని కొన్నాళ్లు కూర్చొని రాసుకున్నవాళ్లకు, రాయని వాళ్లకంటే త్వరగా మళ్లీ పని దొరికింది. వాళ్లు ఎక్కువ చోట్లకు దరఖాస్తు చేసినందువల్ల కాదు. కడుపులోని కోపం కాగితం మీద దిగిపోతే ఇంటర్వ్యూ గదిలో పాత కంపెనీ మీద చేదు మాట రాదని నేను దాన్ని అర్థం చేసుకున్నాను. పోయినసారి ఇంటర్వ్యూలో పాత మేనేజరు ప్రస్తావన రాగానే గొంతు మారిందని నువ్వే రాశావు కదా. రాసింది ఎవరికీ చూపించనక్కరలేదు. అయినా తగ్గకుండా నిద్ర, తిండి రెండూ పాడవుతుంటే, నాకు చెప్పు, లేదా 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ నంబరు, ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి మనం సిగ్గుపడం, దీనికీ పడకూడదు.

తిరగరాసిన రెజ్యూమెను గురువారం లోపు నాకు పంపు, నేను చదివి ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపుతాను. ఆదివారం నాకు సెలవు, నల్గొండకు వచ్చేయి. మా ల్యాబులో నాతో పనిచేసే ఒకతను ఇంతకుముందు చౌటుప్పల్‌లో క్యూసీలో ఉండేవాడు, ఆయనను ఇంటికి పిలుస్తాను, మేమిద్దరం ప్రశ్నలు అడిగి నీకు నమూనా ఇంటర్వ్యూ పెట్టి చూస్తాం. ఆ నోట్‌బుక్ కూడా వెంట తీసుకురా, ఎవరితో ముందు మాట్లాడాలో కలిసి చూద్దాం. బాపుకు, అమ్మకు నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు